పార్క్ అనాలా, గార్డెన్ అనాలా? మన ఊరి పచ్చదనానికి తగిన ఇంగ్లీషు మాటను ఎంచుకోవడం

తిరుపతిలో మేముండే కాలనీ చివర సుమారు ముప్పై సెంట్ల స్థలం ఒకటి ఉంది. లేఅవుట్ వేసిన నాడు పార్కు కోసమని వదిలిపెట్టిన జాగా అది. ఒక వేప, రెండు కానుగలు, పక్కింటి గోడవారగా ఒక నిద్రగన్నేరు తప్ప అందులో వేరే చెట్లు లేవు. అయినా సాయంత్రం అయిదు దాటితే పిల్లలు, ఆరు దాటితే పెద్దవాళ్లు చేరేది అక్కడికే. దానికి ప్రహరీ గోడ, నీటి కుళాయి కావాలని ఒక కార్యాలయానికి ఇంగ్లీషులో అర్జీ పెట్టుకోవాలని నిర్ణయించి, రాసే పనిని మా వీధిలో ఇంజనీరింగ్ చదువుతున్న కుర్రవాడికి అప్పగించాం. రెండు నెలల తర్వాత వచ్చిన జవాబులో గోడ ఊసు లేదు, కుళాయి ఊసు లేదు. ఆ స్థలంలో ఓవర్‌హెడ్ ట్యాంకు కట్టే విషయం పరిశీలించవచ్చునన్న ఒక వాక్యం మాత్రం ఉంది. అప్పుడు అర్జీ నకలు తీసి చూశాను. మన పార్కు జాగాను ఆ కుర్రవాడు 'వేకెంట్ ల్యాండ్' అని రాశాడు. ఎందుకలా రాశావని అడిగితే, "కట్టడం ఏమీ లేదు గదా మామా, ఖాళీ స్థలమే గదా" అన్నాడు.

అతని తప్పు కాదు. తెలుగులో 'ఖాళీ స్థలం' అంటే కట్టడం లేని చోటు. ఇంగ్లీషులో, ముఖ్యంగా కార్యాలయాల ఇంగ్లీషులో, 'వేకెంట్' అంటే ప్రస్తుతం ఎవరూ వాడుకోనిది, ఇంకొకరికి ఇవ్వదగినది. మేము రోజూ కూర్చునే చోటును మా చేతులతోనే ఎవరికీ అక్కర్లేని చోటుగా రాసి ఇచ్చాం. నేను ఇరవై ఏళ్లకు పైగా ఇంగ్లీషు నుంచి తెలుగుకు, తెలుగు నుంచి ఇంగ్లీషుకు కాగితాలు తర్జుమా చేస్తున్నాను. పచ్చదనానికి సంబంధించిన మాటల దగ్గర జరిగినన్ని పొరపాట్లు నేను వేరెక్కడా చూడలేదు. అర్జీ రాసేవారికి, బోర్డు రాయించేవారికి, పిల్లల చేత వ్యాసం రాయించే ఉపాధ్యాయులకు, యాత్రికులకు దారి చెప్పే గైడ్లకు పనికివస్తుందని ఈ పోలిక రాస్తున్నాను.

తెలుగులో తోట, తోపు, వనం, ఉద్యానం, బయలు, మైదానం, పెరడు, చిట్టడవి అని మనకు మాటలు చాలానే ఉన్నాయి. అయితే మన మాటలు ఎక్కువగా నేల మీద ఏం పెరుగుతోందో చూసి పుట్టినవి. ఇంగ్లీషు మాటలు దానితోపాటు ఆ చోటు ఎవరిది, అందులోకి ఎవరు రావచ్చు అనే సంగతులను కూడా మోస్తాయి. అందుకే మాట ఎంచుకునే ముందు యజమాని ఎవరు, ప్రవేశం ఎవరికి, నేల మీద ఉన్నది ఏమిటి అనే మూడు ప్రశ్నలను ఈ వరుసలోనే వేసుకోమని నేను చెబుతాను. ఎంత పచ్చగా ఉందన్నది ఆ తర్వాతి విషయం.

పార్క్, గార్డెన్

ఈ రెండింటి మధ్య ఎంపిక పరిమాణాన్ని బట్టి జరుగుతుందని చాలామంది అనుకుంటారు. పెద్దదైతే పార్క్, చిన్నదైతే గార్డెన్ అని బడిలో చెప్పడం కూడా విన్నాను. అది నిజం కాదు. బెంగళూరులోని లాల్‌బాగ్ 240 ఎకరాలున్నా అది బొటానికల్ గార్డెనే. మా కాలనీ జాగా ముప్పై సెంట్లే అయినా అది పార్కే. గార్డెన్ అన్న మాటలో ప్రధానమైనది పెంపకం. ఎవరో ఒకరు మొక్కను ఎంచి, పాదు తీసి, నీళ్లు పోసి, కలుపు తీసి పెంచుతున్నారన్న అర్థం అందులో ఉంటుంది. పార్క్ అన్న మాటలో ప్రధానమైనది మనుషుల రాకపోకలు, విశ్రాంతి. గార్డెన్‌లో మొక్కను చూడటానికి వెళతాం, పార్కులో మనం కాసేపు ఉండటానికి వెళతాం.

పార్క్ మొదట ఇంత మంచి మాట కాదు. రాజులు, ప్రభువులు వేటకోసం కంచె వేయించుకున్న భూమిని పార్క్ అనేవారు. లండన్‌లోని హైడ్ పార్క్‌ను 8వ హెన్రీ 1536లో వేట కోసమే స్వాధీనం చేసుకున్నాడు. దాన్ని జనానికి తెరిచింది 1637లో, 1వ ఛార్లెస్ కాలంలో. ప్రజల డబ్బుతో ప్రజల కోసం కట్టిన పార్కుల్లో మొదటిదిగా చెప్పే బర్కెన్‌హెడ్ పార్క్ 1847లో లివర్‌పూల్ దగ్గర వచ్చింది. ఆ పార్కును చూసి వెళ్లిన ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్, కాల్వర్ట్ వాక్స్‌తో కలిసి న్యూయార్క్‌లో 843 ఎకరాల సెంట్రల్ పార్కుకు రూపకల్పన చేశాడు. కంచె వేసి జనాన్ని బయట ఉంచిన మాట ఇలా మూడు వందల ఏళ్లలో జనానికి హక్కున్న చోటును చెప్పే మాటగా మారింది. ఈ హక్కు అర్థం కోసమే నేను పార్క్ అన్న మాటకు అంత విలువ ఇస్తాను. కాలనీవాళ్లు అర్జీలో 'గార్డెన్' అని రాస్తే, అది ఎవరో పెంచుకుంటున్న తోట అవుతుంది. 'పబ్లిక్ పార్క్' అని రాస్తే అది అందరిదీ అవుతుంది.

తిరుమలలో దీనికి సరిగ్గా ఎదురు ఉదాహరణ ఉంది. రామానుజుల శిష్యుడైన అనంతాళ్వారు స్వామివారి పుష్ప కైంకర్యం కోసం కొండ మీద పెంచిన తోటను పురుశైవారి తోట అంటారు. ఆయన చెరువు తవ్వుతుండగా సాయానికి వచ్చిన బాలుడి మీద విసిరాడని చెప్పుకొనే గునపం శ్రీవారి ఆలయ మహాద్వారం దగ్గర వేలాడుతూ ఇప్పటికీ కనిపిస్తుంది. ఆ తోటను ఇంగ్లీషులో పార్క్ అని రాసిన కరపత్రం ఒకసారి నా చేతికి వచ్చింది. పూలకోసం, ఒక సేవకోసం, ఒక మనిషి చేతులతో పెంచిన చోటును ఊయలలు, బెంచీలు ఉండే చోటుగా చెప్పడం నాకు బాధ కలిగించింది. అది గార్డెన్, ఇంకా స్పష్టంగా 'ఫ్లవర్ గార్డెన్' లేదా 'టెంపుల్ గార్డెన్'.

గార్డెన్‌కు బహువచనం చేర్చి 'గార్డెన్స్' అంటే అర్థం కొంత మారుతుందని కూడా గమనించాలి. బ్రిటిష్ వాడుకలో ఒక ఇంటి ముందరి తోట గార్డెన్, జనం టికెట్టు కొనుక్కొనో ఊరికేనో తిరిగే విశాలమైన తోట గార్డెన్స్. కెన్సింగ్టన్ గార్డెన్స్ అలాంటిదే. మనవైపు ఈ తేడాను ఎవరూ పాటించరు, పాటించకపోయినా నష్టం లేదు. కానీ విదేశీయుల కోసం రాసే పుస్తకంలో ఒక సంస్థవారి పూలతోటల సముదాయం గురించి చెప్పాల్సివస్తే 'గార్డెన్స్' అనడం మేలు.

తిరుపతిలోని జంతు ప్రదర్శనశాల విషయంలో మాత్రం వేరే ఆలోచన అక్కర్లేదు. 1987లో మొదలై 5,532 ఎకరాల్లో విస్తరించిన శ్రీ వేంకటేశ్వర జువలాజికల్ పార్క్‌కు పేరులోనే పార్క్ ఉంది. పేరుగా ఉన్న మాటను మనం మార్చకూడదు. వాక్యంలో వర్ణించేటప్పుడు 'జూ' అంటే చాలు. 'జూ పార్క్' అనేది మన నోటి వాడుకలో బాగున్నా, రాతలో ఒకే సంగతిని రెండుసార్లు చెప్పినట్లవుతుంది.

తోట అనే ఒక్క మాట

ఉమ్మడి చిత్తూరు జిల్లావాళ్లకు అన్నిటికంటే పెద్ద చిక్కు ఇక్కడే ఉంది. మామిడి తోట, కొబ్బరి తోట, అరటి తోట, చెరకు తోట, మల్లె తోట, కూరగాయల తోట, మిద్దె తోట అని అన్నిటికీ మనకు తోట ఒక్కటే. దాన్ని నిఘంటువులో చూసి గార్డెన్ అని రాసేస్తాం. దామలచెరువు వైపు వెళితే దారి పొడవునా 'మ్యాంగో గార్డెన్ ఫర్ సేల్' అన్న అట్టముక్కలు చెట్లకు వేలాడుతూ కనిపిస్తాయి. కొనేవాడు మనవాడే అయితే ఆ మాటతో పని జరిగిపోతుంది, తప్పుపట్టనక్కర్లేదు. కానీ అదే మాటను ఒక విదేశీ గుజ్జు కొనుగోలుదారుకు రాసే ఉత్తరంలో వాడితే, అతడు ఇంటి వెనక నాలుగు మామిడి చెట్లున్న పెరడును ఊహించుకుంటాడు. ఎకరాల కొద్దీ తోతాపురి కాసే చోటుకు సరైన మాట 'ఆర్చర్డ్'. పంటకోసం వరసలుగా నాటిన పండ్లచెట్లన్నిటికీ అది సరిపోతుంది.

కొబ్బరికి ఆర్చర్డ్ కుదరదు. అక్కడ 'గ్రోవ్' అనాలి. గ్రోవ్ అంటే అడుగున పొదలు లేకుండా, నీడ పరుచుకుని, మనిషి మధ్యలో నడవగలిగేలా ఉండే చెట్ల గుంపు. అరటి అసలు చెట్టే కాదు కాబట్టి దానికి గ్రోవ్ కన్నా 'ప్లాంటేషన్' నప్పుతుంది. చెరకు తోట 'ఫీల్డ్' అవుతుంది. మల్లెపూలు అమ్మకానికి పెంచితే ఫీల్డ్ లేదా 'ఫ్లవర్ ఫార్మ్', ఇంటిముందు నాలుగు పాదులుంటే గార్డెన్. కూరగాయలు ఇంటికోసమైతే 'కిచెన్ గార్డెన్', సంతకోసమైతే ఫార్మ్.

ప్లాంటేషన్ గురించి రెండు హెచ్చరికలు ఉన్నాయి. అమెరికాలో ఆ మాటకు బానిసల చేత పత్తి, చెరకు పండించిన పెద్ద కమతాల జ్ఞాపకం అంటుకుని ఉంది. అందువల్ల అక్కడివారికి రాసేటప్పుడు ఫార్మ్ అనడం నయం. రెండో హెచ్చరిక మనలో ప్రతి ఒక్కరికీ వర్తిస్తుంది. 'ట్రీ ప్లాంటేషన్ ప్రోగ్రామ్' అని మన బడుల బ్యానర్ల మీద రాస్తాం. ప్లాంటేషన్ అనేది చోటు పేరు. నాటడం అనే పనిని చెప్పాలంటే 'ట్రీ ప్లాంటింగ్' అనాలి. ఆ రోజు మనం నిజంగా నాటేది చెట్లను కాదు, మొక్కలను. అందుకని నివేదికలో 'వంద ట్రీస్ నాటాం' అనడానికి బదులు 'వంద శాప్లింగ్స్ నాటాం' అని రాయడం నిజాయితీగా కూడా ఉంటుంది. చెట్టు అనిపించుకోవడానికి వాటికి ఇంకా చాలా ఎండాకాలాలు దాటాల్సి ఉంది.

తోపు అన్న మాట సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. మామిడి తోపు, చింతతోపు అని ఊరి బయట బాటసారుల నీడకోసం పెంచిన చెట్ల గుంపును మనం తోపు అంటాం. ఈ మాట తెలుగు, తమిళాల నుంచి ఇంగ్లీషులోకే వెళ్లింది. బ్రిటిష్ కాలపు ఇంగ్లీషు రాతల్లో 'మ్యాంగో టోప్' అన్న మాట తరచుగా కనిపిస్తుంది, ఆనాటి ఆంగ్లో-ఇండియన్ నిఘంటువుల్లో దానికి చోటు ఉంది. పాత భూమి కాగితాన్ని తర్జుమా చేస్తున్నప్పుడు అందులో 'టోప్' అని ఉంటే దాన్ని అలాగే ఉంచాలి, గ్రోవ్‌గా మార్చనక్కర్లేదు. కొత్తగా రాసేటప్పుడు మాత్రం గ్రోవ్ అనాలి, ఎందుకంటే నేటి ఇంగ్లీషు పాఠకుడికి టోప్ తెలియదు. గ్రామదేవత పేరు మీద నరకకుండా కాపాడుకున్న చెట్లగుంపును 'సేక్రెడ్ గ్రోవ్' అంటారు. ఈ మాట పర్యావరణ రంగంలో స్థిరపడిపోయింది, ధైర్యంగా వాడవచ్చు.

మరో ఉచ్చు ఉద్యానం. ఉద్యానవనం అంటే పార్క్ కావచ్చు, గార్డెన్ కావచ్చు. ఉద్యాన శాఖ అంటే మాత్రం 'హార్టికల్చర్ డిపార్ట్‌మెంట్', అంటే పండ్లు, కూరగాయలు, పూల పంటలను చూసే శాఖ. కాలనీ పార్కు సమస్యతో ఆ శాఖకు అర్జీ పెట్టుకున్నవాళ్లు నాకు తెలుసు.

ఓపెన్ స్పేస్, గ్రీన్ స్పేస్, గ్రీనరీ

అర్జీలు రాసేవారు అన్నిటికంటే శ్రద్ధగా చదవవలసిన భాగం ఇది. 'ఓపెన్ స్పేస్' అనేది పట్టణ ప్రణాళికవారి మాట. కట్టడం లేకుండా వదిలి ఉంచాల్సిన చోటు అని దాని అర్థం, అందులో పచ్చదనం ఉండి తీరాలని కాదు. రాళ్లు పరిచిన ఆవరణ కూడా ఓపెన్ స్పేసే. 2014లో కేంద్రం ప్రకటించిన పట్టణ ప్రణాళిక మార్గదర్శకాలు మనిషి ఒక్కరికి 10 నుంచి 12 చదరపు మీటర్ల ఓపెన్ స్పేస్ ఉండాలని సూచించాయి. లేఅవుట్ కాగితాల్లోనూ ఈ మాటే ఉంటుంది. 'గ్రీన్ స్పేస్' అంటే గడ్డి, మొక్కలు, చెట్లు ఉన్న చోటు, అయితే అందులోకి అందరికీ ప్రవేశం ఉందని దాని అర్థం కాదు. ఒక కళాశాల ప్రాంగణంలోని చెట్లు ఊరికి గ్రీన్ స్పేసే, కానీ ఊరివాళ్లకు గేటు తెరవకపోవచ్చు. ఐక్యరాజ్యసమితి సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో 11వ లక్ష్యం కింద, 2030 నాటికి అందరికీ అందుబాటులో ఉండాల్సిన చోట్లను చెప్పేటప్పుడు 'గ్రీన్' అని ఒకసారి, 'పబ్లిక్' అని ఒకసారి విడివిడిగా చెప్పారు. ఒకటి రెండోదాన్ని తనలో కలుపుకోదని వాళ్లకు తెలుసు.

'గ్రీనరీ' మనకు చాలా ఇష్టమైన మాట. అపార్ట్‌మెంటు ప్రకటన నుంచి సినిమా పాట వర్ణన దాకా అన్నిటికీ అదే. అది చోటు పేరు కాదు, ఆకుల పచ్చదనం పేరు. బొకేలో పూల మధ్య పెట్టే ఆకులను కూడా గ్రీనరీ అంటారు. 'మా కాలనీలో ఒక గ్రీనరీ ఉంది' అనడం పొరపాటు, 'మా కాలనీ పార్కులో గ్రీనరీ తగ్గిపోయింది' అనడం సరైనది. అర్జీలో చోటును చెప్పడానికి ఈ మాటను నేను ఎన్నడూ వాడను.

ఇక మాట బలం ఎంతటిదో ఒక తీర్పు చెబుతుంది. బెంగళూరులో ఒక లేఅవుట్ ప్లాన్‌లో పబ్లిక్ పార్కు కోసం చూపిన స్థలాన్ని తర్వాత ఒక ప్రైవేటు ట్రస్టుకు నర్సింగ్ హోమ్ కోసం కేటాయించారు. అక్కడి నివాసులు కోర్టుకు వెళ్లారు. 1991లో సుప్రీంకోర్టు ఆ కేటాయింపు చెల్లదని చెప్పింది. ప్లాన్‌లో పార్క్ అన్న మాట ఉండటమే ఆ నివాసులకు ఆధారమైంది. కాబట్టి లేఅవుట్‌లో ఏ మాట ఉందో ముందు చూసి, అర్జీలో అదే మాట, అదే సర్వే నంబరుతో రాయాలి. 'ఖాళీ స్థలం'ను 'వేకెంట్' అని, 'అన్‌యూజ్డ్' అని, 'వేస్ట్ ల్యాండ్' అని ఎప్పుడూ రాయకూడదు. మన రెవెన్యూ లెక్కల్లోని పోరంబోకు కూడా బంజరు కాదు. మేత పోరంబోకు, చెరువు పోరంబోకు ఊరందరి అవసరం కోసం వదిలినవి. ఇంగ్లీషువాళ్ల ఊళ్లలో పశువుల మేతకు ఉమ్మడిగా ఉంచిన నేలను 'కామన్' అంటారు. అమెరికాలో 1634 నాటి బోస్టన్ కామన్ కూడా ఆ రకంగా పుట్టిందే. మేత పోరంబోకుకు విదేశీ పాఠకుడి దగ్గర నేను 'గ్రేజింగ్ కామన్' అని రాస్తాను. భారతీయ పాఠకుడి దగ్గర, కార్యాలయం దగ్గర 'పోరంబోకు' అనే రాస్తాను, అది ఇక్కడి ఇంగ్లీషులో చట్టపరమైన మాట.

అడవి దగ్గర

శేషాచలం కొండల నీడలో ఉండే ఊరికి ఈ ఎంపిక రోజూ ఎదురవుతుంది. ఇంగ్లీషు 'ఫారెస్ట్' కూడా పార్క్ లాగానే రాజుల వేటతో పుట్టిన మాట, వేట చట్టం వర్తించే నేలలో చెట్లు లేకపోయినా దాన్ని ఫారెస్ట్ అనేవారు. మన దేశంలో ఇప్పుడు అది చట్టం బరువున్న మాట. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు, అటవీ సంరక్షణ చట్టం కింద ఫారెస్ట్ అన్న మాటను దాని నిఘంటువు అర్థంలో, ఆ భూమి ఎవరిదైనా సరే, గ్రహించాలని చెప్పింది. 2023లో ఆ చట్టానికి సవరణలు వచ్చాయి. ఏదేమైనా ప్రైవేటు భూమిలోని వేపచెట్ల గుంపును అమ్మకం కాగితంలో ఉత్సాహం కొద్దీ ఫారెస్ట్ అని రాయడం తగదు, గ్రోవ్ అంటే సరిపోతుంది.

'జంగిల్' సంగతి విచిత్రమైనది. సంస్కృతంలో జాంగలం అంటే నీరు తక్కువైన మెట్టప్రాంతం. హిందీ మీదుగా ఇంగ్లీషుకు వెళ్లి, వానలు కురిసి తీగలు అల్లుకున్న దట్టమైన అడవి అయిపోయింది. మన శేషాచలం అడవి ఎండాకాలంలో ఆకు రాల్చే అడవి, దాన్ని జంగిల్ అంటే విదేశీ పాఠకుడు ఎక్కడో మలయా దేశాన్ని తలచుకుంటాడు. ఫారెస్ట్ అనాలి, వివరంగా చెప్పాలంటే 'డ్రై డెసిడ్యువస్ ఫారెస్ట్'. కొండల అడుగున రేగు, కలివి పొదలతో ఉండే చిట్టడవిని 'స్క్రబ్' అనాలి. 'వుడ్స్', 'వుడ్‌ల్యాండ్' చల్లని దేశాల అడవికి అలవాటైన మాటలు, మన ఎండకు అవి అతకవు.

చట్టం పెట్టిన పేర్లలో స్వేచ్ఛ లేదు. శ్రీ వేంకటేశ్వర నేషనల్ పార్క్‌ను 1989లో ప్రకటించారు, దాని విస్తీర్ణం 353 చదరపు కిలోమీటర్లు. 2010లో ప్రకటించిన శేషాచలం బయోస్ఫియర్ రిజర్వ్ 4,755 చదరపు కిలోమీటర్లు. మొదటిది 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందిది, అందులో పశువుల మేతకు అనుమతి ఉండదు. రెండోది మనుషులు నివసించే ఊళ్లను కూడా కలుపుకునే ప్రణాళిక. ఒకదాని బదులు మరొకటి రాస్తే పదమూడు రెట్లకు పైగా తేడా వస్తుంది. నేషనల్ పార్క్‌లోని పార్క్ అన్న మాటను చూసి అది పిల్లలను ఆడించుకునే చోటని యాత్రికులు అనుకోకుండా, దాని పక్కన 'ప్రొటెక్టెడ్ ఫర్ వైల్డ్‌లైఫ్' అన్న ముక్క చేర్చమని గైడ్లకు నేను చెబుతుంటాను.

నగరవనం అన్న మాటకు 'అర్బన్ ఫారెస్ట్' స్థిరపడింది. 2020 పర్యావరణ దినోత్సవం నాడు కేంద్రం అయిదేళ్లలో 200 నగరవనాలు పెంచుతామని ప్రకటించినప్పుడు వాడినది కూడా ఆ మాటే. కానీ జపాను శాస్త్రవేత్త అకిరా మియావాకి పద్ధతిలో చదరపు మీటరుకు మూడు నాలుగు మొక్కల చొప్పున పది సెంట్లలో దట్టంగా నాటినదాన్ని అర్బన్ ఫారెస్ట్ అనడం పెద్ద మాట. 'మియావాకీ ప్లాట్' అనడం నిజానికి దగ్గరగా ఉంటుంది.

రోడ్డు, గ్రౌండ్, మిద్దె

వీటిని త్వరగా చెప్పవచ్చు. రోడ్డు మధ్య మొక్కలు పెంచిన గట్టును మనం 'డివైడర్' అంటాం. అమెరికావారికి అది 'మీడియన్', బ్రిటన్‌వారికి 'సెంట్రల్ రిజర్వేషన్'. లీలామహల్ సర్కిల్, అన్నమయ్య సర్కిల్ లాంటి పేర్లలో సర్కిల్‌ను కదపకూడదు. వర్ణనలో మాత్రం 'జంక్షన్' లేదా, మధ్యలో గుండ్రని గట్టు ఉంటే 'రౌండ్‌అబౌట్' అనాలి. రెండు వైపులా చెట్లున్న దారి 'అవెన్యూ'. 'గ్రీన్ బెల్ట్' ఊరు అడ్డూ అదుపూ లేకుండా పెరగకుండా చుట్టూ వదిలే విశాలమైన నేలకు లండన్‌లో పెట్టిన పేరు, మనం దాన్ని ఫ్యాక్టరీ చుట్టూ నాటే చెట్లవరసలకు కూడా వాడుతున్నాం. పరిశ్రమల అనుమతుల కాగితాల్లో అదే మాట ఉంటుంది కాబట్టి అక్కడ అదే రాయాలి.

'గ్రౌండ్' మన సరిహద్దు జిల్లాలో ఇబ్బంది పెట్టే మాట. తమిళనాడులో భూమిని కొలిచే గ్రౌండు 2,400 చదరపు అడుగులు. 'టూ గ్రౌండ్స్ ఫర్ పార్క్' అని రాస్తే చెన్నైవారు కొలత అనుకుంటారు, మనవారు రెండు ఆటస్థలాలు అనుకుంటారు. బడి ఆటస్థలానికి మనం 'ప్లేగ్రౌండ్' అంటాం. బ్రిటన్‌లో ఆ మాటకు బడి ఆవరణలో పిల్లలు ఆడుకునే గచ్చు నేల అని, లేదా ఊయలలు, జారుడుబల్లలు ఉన్న చిన్నపిల్లల చోటు అని అర్థం. క్రికెట్టు, ఖోఖో ఆడే పచ్చిక నేలకు అక్కడ 'ప్లేయింగ్ ఫీల్డ్' అంటారు. మైదానం ఇంగ్లీషులోకి 'మైదాన్'గా ఎప్పుడో వెళ్లిపోయింది, సభలూ ఆటలూ రెండూ జరిగే చోటుకు దాన్ని మించిన మాట లేదు.

మిద్దె తోటను మనం 'టెర్రస్ గార్డెన్' అంటాం. బ్రిటన్‌లో టెర్రస్ అంటే గోడలు కలిసి వరసగా ఉన్న ఇళ్లు, లేదా ఇంటి పక్కన రాళ్లు పరిచిన అరుగు. ఈ దేశంలో చదివేవారికి టెర్రస్ గార్డెన్, బయటివారికి 'రూఫ్ గార్డెన్'. పెరడుకు అమెరికావారు 'బ్యాక్‌యార్డ్' అంటారు, బ్రిటన్‌వారు గార్డెన్ అనే అంటారు. అక్కడ ఉద్యోగాలు చేస్తున్న పిల్లలు ఫోనులో 'యార్డ్‌లో గడ్డి కోస్తున్నాం' అంటే, ఇక్కడి అమ్మమ్మలు కలప డిపో అనుకున్న సందర్భాలున్నాయి.

నీటి పక్కన

చెరువును ఇక్కడి ఇంగ్లీషులో 'ట్యాంక్' అంటాం. నీటిపారుదల కాగితాల్లో అదే సరైనది. యాత్రికుల పుస్తకంలో అదే మాట చదివిన విదేశీయుడు మిద్దె మీది సిమెంటు తొట్టి అనుకోవచ్చు. చుట్టూ నడకదారి వేసి జనం తిరిగే చెరువును, మన వినాయక సాగర్ లాంటిదాన్ని, 'లేక్' అనడం బాగుంటుంది. కోనేరు, పుష్కరిణిలను లేక్ అనకూడదు, పాండ్ అనడం ఇంకా తప్పు. మెట్లు కట్టి, పూజకు, స్నానానికి ఉంచిన నీరు అది. 'టెంపుల్ ట్యాంక్' అనాలి, లేదా పుష్కరిణి అనే రాసి ఒక వాక్యంలో వివరించాలి. నేను రెండోదానినే ఎంచుకుంటాను.

చెట్ల పేర్లు

చోటు పేరు కుదిరాక అందులో ఉన్న చెట్లకు పేర్లు రాయకపోతే వర్ణన పూర్తి కాదు. 'సమ్ ట్రీస్' అని రాస్తే అవి ఎన్నో ఏవో ఎవరికీ తెలియదు, రేపు ఒకటి తగ్గినా కనబడదు. వేపకు 'నీమ్' చాలు, పాత పుస్తకాల్లో 'మార్గోసా' అని ఉంటుంది. రావికి 'పీపల్', మర్రికి 'బన్యన్'. ఈ బన్యన్ అనే పేరు ఆ చెట్టు నీడలో కూర్చుని వ్యాపారం చేసే బనియాలను చూసి విదేశీయులు పెట్టింది. నిద్రగన్నేరుకు 'రెయిన్ ట్రీ', ఎర్రతురాయికి 'గుల్‌మొహర్'. కానుగకు 'పొంగం' లేదా 'పొంగామియా' అని రాయడం మేలు. 'ఇండియన్ బీచ్' అనే పేరు కూడా ఉంది గాని, అది సముద్రపు ఒడ్డును గుర్తుచేస్తుంది. పొగడకు నిఘంటువులు 'స్పానిష్ చెర్రీ' అంటాయి. అది స్పెయిన్‌దీ కాదు, చెర్రీ కాదు. అక్కడ నేను 'పొగడ' అని రాసి, పక్కన శాస్త్రనామం ఇస్తాను.

ఎర్రచందనం దగ్గర మాత్రం జాగ్రత్త తప్పనిసరి. 'రెడ్ శాండల్‌వుడ్' అనే మాట ఎక్కువగా కనిపిస్తుంది కాని, ఎర్రచందనానికి గంధపు చెట్టుతో చుట్టరికం లేదు. గంధం సువాసన కోసం, ఎర్రచందనం రంగు కోసం, కలప కోసం. ప్రభుత్వ కాగితాలన్నీ 'రెడ్ శాండర్స్' అంటాయి. శేషాచలం చుట్టుపక్కల పుట్టిన మనమైనా ఆ పేరును సరిగ్గా రాయాలి.

మా అర్జీని మళ్లీ రాసినప్పుడు ఇవన్నీ ముందు పెట్టుకుని కూర్చున్నాం. ఆ కుర్రవాడే టైపు చేశాడు. 'వేకెంట్ ల్యాండ్' ఉన్నచోట 'ద సైట్ మార్క్డ్ యాజ్ పార్క్ ఇన్ ద అప్రూవ్డ్ లేఅవుట్' అని రాసి, లేఅవుట్ నకలు జతచేశాడు. 'యూజ్డ్ డైలీ బై రెసిడెంట్స్' అన్న ముక్కను తనంతట తానే చేర్చాడు. తర్వాత టార్చి తీసుకుని ఆ చీకట్లోనే పార్కు దగ్గరికి వెళ్లి చెట్లు లెక్కపెట్టి వచ్చి, ఒక నీమ్, రెండు పొంగం, ఒక రెయిన్ ట్రీ అని చివర్లో రాశాడు. గోడవారగా మోకాలెత్తున్న నేరేడు మొక్క ఒకటి కొత్తగా కనిపించిందట. దాన్ని ట్రీ అనాలా, శాప్లింగ్ అనాలా అని అడిగాడు. శాప్లింగ్ అని రాయమన్నాను.